ఒకే పేజీలో టీ, నీళ్ళు

మా రేగిపాలెం పురపాలక సంఘం జలవిభాగంలో నాలుగు కంప్యూటర్లున్నాయి. ఒకటి ట్యాంకులో నీళ్ళెంత ఉన్నాయో చూస్తుంది. ఒకటి వీధి వీధికీ వాల్వు తిప్పుతుంది. ఒకటి బిల్లులు వేస్తుంది. నాలుగోది ఆఫీసు వ్యవహారాలు, అంటే హాజరు, సెలవులు, క్యాంటీను చూసుకుంటుంది. నాలుగూ నాలుగు గదుల్లో కూర్చుని, పక్క గదిలో ఏం జరుగుతోందో పట్టించుకోకుండా తమ పని తాము చేసుకునేవి. ఈ విషయంలో అవి మా అధికారులనే ఆదర్శంగా తీసుకున్నాయని నా అభిప్రాయం.

దీనివల్ల ఇబ్బంది లేకపోలేదు. ట్యాంకు అడుగంటిందని మొదటి కంప్యూటరుకు తెలిసినా, ఆ సంగతి తెలియని రెండోది వాల్వులన్నీ బార్లా తెరిచి కూర్చునేది. అప్పుడు అసిస్టెంటు ఇంజనీరునైన నేను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరిగెత్తి, ట్యాంకు ఖాళీ అని చెప్పి వచ్చేవాణ్ణి. ఊళ్ళోకి నీళ్ళు ఆలస్యంగా, సన్నగా వచ్చేవి గానీ వచ్చేవి. ఇంత అధ్వాన్నమైన పద్ధతిని ప్రభుత్వం మాత్రం ఎంతకాలమని సాగనిస్తుంది?

ఇంతలో మా కమిషనరు గారు రాజధానిలో ఒక సదస్సుకు వెళ్ళి, ఒక శాలువాతోనూ ఒక నమ్మకంతోనూ తిరిగొచ్చారు. శాలువా ఇంట్లో పెట్టేసి నమ్మకాన్ని ఆఫీసుకు తెచ్చారు.

"కంప్యూటర్లు నాలుగైనా మెమరీ ఒక్కటే ఉండాలి," అన్నారు ఆ మర్నాటి మీటింగులో. "ఎవరి మెమరీ వారిదే అనే సంకుచిత ధోరణికి ఈ సంస్థలో నేటితో స్వస్తి పలుకుతున్నాం. ఇకపై ఒకరికి తెలిసింది నలుగురికీ తెలుస్తుంది. ఇది ఎలా సాధ్యమో సంబంధిత అధికారులు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను."

సంబంధిత అధికారులు ఇద్దరు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. హార్డ్‌వేరు చూసే కృపానందం గారు చేత్తో పట్టుకోవడానికి వీలుకాని దేన్నీ నమ్మరు. నాలుగు మెమరీలనూ కలిపి కుట్టేసే ప్రత్యేకమైన పెట్టె ఒకటుందనీ, దాన్ని తెప్పించి, లావుపాటి కేబుళ్ళు వేస్తే పని అయిపోతుందనీ చెప్పారు. "వస్తువన్నది కంటికి కనిపించాలి సార్. రేపు ఆడిట్ వాళ్ళొస్తే ఏం చూపిస్తాం?" అన్నారు.

సాఫ్ట్‌వేరు చూసే భానుమూర్తి గారు చిరునవ్వు నవ్వారు. ఆయన దగ్గర ఆ నవ్వు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "కొనాల్సిన అవసరమే లేదు సార్. ఉన్న తీగల మీదే ఒక ప్రోగ్రాము వేస్తాను. మెమరీని పేజీలుగా కోస్తాం. ఏ కంప్యూటరుకు ఏ పేజీ కావాలో అది తీగల మీద నడిచి వాళ్ళ దగ్గరికి వెళుతుంది. దాని మీద ఒకరు రాస్తున్నంతసేపూ మిగతావాళ్ళ దగ్గర ఆ పేజీ ఉండదు. రాయడం అయ్యాక అడిగినవాళ్ళకు మళ్ళీ వెళుతుంది. అంటే ఉండేవి నాలుగు మెమరీలే. కానీ ఒకటే ఉందని కంప్యూటర్లు నమ్ముతాయి."

"నమ్ముతాయా?"

"నమ్మిస్తాం సార్."

పైసా ఖర్చు లేకుండా నమ్మించడమన్నది కమిషనరు గారికి ఎంతగానో నచ్చింది. అక్కడికక్కడే సాఫ్ట్‌వేరు గెలిచింది. కృపానందం గారు తన పెట్టె బొమ్మను మడిచి జేబులో పెట్టుకున్నారు, పారేయలేదు.

తర్వాత వచ్చిన ఉత్తర్వు ప్రకారం సంస్థలో లెక్కకు వచ్చే ప్రతి విషయమూ ఉమ్మడి మెమరీలోనే ఉండాలి.

"క్యాంటీను టీల లెక్క కూడానా సార్?" అని అడిగాను.

"టీ ఈ సంస్థలో భాగం కాదా పట్నాయక్ గారూ?"

మా ఆఫీసును ఒక్కసారి చూసినవాళ్ళెవరూ ఈ ప్రశ్నకు కాదని చెప్పలేరు. నేనూ చెప్పలేకపోయాను. నాలుగు గదుల గుమ్మాలకూ ఒకే రిబ్బను కట్టి, ఒకే కత్తెరతో కత్తిరించి, ఉమ్మడి మెమరీని ప్రారంభించారు. భానుమూర్తి గారి ప్రోగ్రాము ఊరి వాల్వుల జాబితాను వరసగా పేజీల్లో సర్దుకుంటూ పోయింది. జాబితాలో అన్నిటికన్నా చివరిది సున్నపుబట్టీ వీధి. దాన్ని ఎక్కించాక ఆ పేజీలో కాస్త చోటు మిగిలింది. తర్వాతి జాబితాలో మొదట ఉన్న టీల లెక్క, బస్సులో ఆఖరి సీటు దొరికినట్టు, అందులో ఎక్కి కూర్చుంది.

సున్నపుబట్టీ వీధి ఊరికి ఒక కొస. అక్కడికి నీళ్ళ వంతు పొద్దున్న పది గంటలకు, గంటసేపు. వీధి మొదట్లో, వాల్వు పక్కనే, పైడమ్మ కర్రీ పాయింటు ఉంది. పదింటికి నీళ్ళు పట్టుకుని, కడిగి, వండి, పన్నెండు గంటలకల్లా జూట్ మిల్లు షిఫ్టు వాళ్ళకు కూరలూ సాంబారూ పంపుతుంది. ఆ ఆర్డరు కోసం ఆవిడ మిల్లు గేటు చుట్టూ ఏడాదిపాటు తిరిగింది. అది వచ్చాకే రేకుల షెడ్డు వేసుకుని, ఇద్దరు ఆడవాళ్ళను పనిలో పెట్టుకుంది. మిల్లు మేనేజరు కడుపు విషయంలో ఖచ్చితమైన మనిషి. భోజనం ఆలస్యమైతే ఆర్డరు బస్టాండు హోటలుకు పోతుందని మొదటే చెప్పాడు.

ప్రారంభోత్సవం అయిన వారంలోనే పైడమ్మ ఖాళీ బిందెతో మా ఆఫీసుకొచ్చింది. బిందెను భానుమూర్తి గారి టేబుల్ మీద, కీబోర్డు పక్కన పెట్టింది.

"ఏటి బాబూ ఇది? పదైతే కుళాయి బుస్సుమంటాది, ఓ దోసెడు నీల్లు కక్కుతాది, ఆగిపోతాది. మల్లీ బుస్సుమంటాది, మల్లీ ఆగిపోతాది. దగ్గొచ్చిన ముసిలోడి లాగ సేత్తన్నాది. నిన్న సాంబారు అందలేదు. మిల్లు మేనేజరు నోటికొచ్చినట్టు తిట్టినాడు."

"అమ్మా, ప్రస్తుతం మనం పరివర్తన దశలో ఉన్నాం," అన్నారు భానుమూర్తి గారు.

"మీరు ఏ దసలో ఉన్నా నాకు పదింటికి నీల్లు గావాల బాబూ."

"మీ వీధి వాల్వు సమాచారం ఇప్పుడు నాలుగు కంప్యూటర్లలోనూ ఉంది. ఇంతకు ముందు ఒక్కదానిలోనే ఉండేది. అంటే మీ మీద శ్రద్ధ నాలుగు రెట్లు పెరిగిందన్నమాట."

పైడమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. ఆవిడ బిందె తీసుకుని వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది గానీ, సిగ్గుతో ఏం చెయ్యాలో మా సర్వీసు నిబంధనల్లో లేదు.

కారణం నాకు పాల పుణ్యాన తెలిసింది. ఒకరోజు డెయిరీలో సమ్మె. పాల వ్యాను రాలేదు. క్యాంటీను నడిపే సన్యాసిరావు గిన్నెలు బోర్లించుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు పదింటికి సున్నపుబట్టీ వీధిలో నీళ్ళు గుమ్మరించినట్టు వచ్చాయి. మర్నాడు పాలొచ్చాయి, నీళ్ళు దగ్గాయి. నేను సన్యాసిరావు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. అతను టీ గ్లాసు అందించినప్పుడల్లా కంప్యూటరు మీద ఒక మీట నొక్కుతున్నాడు. నొక్కగానే టీ లెక్క రాయడానికి ఆ పేజీ క్యాంటీనుకు వచ్చేస్తోంది. అదే పేజీలో సున్నపుబట్టీ వాల్వు కూడా ఉందాయె. పేజీ చేజారగానే వాల్వు కంప్యూటరుకు ఆ వీధి సంగతి తెలియదు. తెలియనప్పుడు మూసెయ్యాలన్నది భద్రతా నియమం. మళ్ళీ పేజీ తెప్పించుకుని ఆ పాత వాల్వును మూలుగుతూ తిప్పడం మొదలెట్టేసరికి, మా వాళ్ళలో ఎవరో ఒకరు ఇంకో టీ తాగుతున్నారు. పదింటికి మా ఆఫీసులో టీ తాగనివాడంటూ ఉండడు.

"అంటే నా టీ వొల్ల ఆ వీదికి నీల్లు రాట్లేదేటి బాబూ?" అన్నాడు సన్యాసిరావు గ్లాసు పట్టుకుని. "మీటకీ కుళాయికీ సమ్మందం ఏటండీ?"

"ఏమీ లేదు సన్యాసీ. ఒకే పేజీలో ఉన్నాయి, అంతే."

"అయితే ఒకదాన్ని తీసి పక్క పేజీలో పడీండి."

నేనూ అదే అనుకున్నాను. అయిదు నిమిషాల పని. ఉత్సాహంగా మీటింగులో చెప్పాను. ఉద్యోగంలో చేరి ఇన్నేళ్ళయినా నాకు ఇంకా ఉత్సాహం వస్తుంటుంది, అది నా జాతక దోషం.

ముందుగా భానుమూర్తి గారు గొంతు సవరించుకున్నారు. "టీని మార్చామంటే సర్దుబాటులో లోపం ఉందని ఒప్పుకున్నట్టవుతుంది. లోపం లేదు. టీ విషయంలో సిబ్బందికి క్రమశిక్షణ లేదు."

నాకు మద్దతు వస్తుందేమోనని కృపానందం గారి వైపు చూశాను. ఆయన జేబులోని బొమ్మ అప్పటికే సగం బయటికొచ్చింది. "నేనూ ఏకీభవించను సార్. ఊరికే అటుదిటు మార్చేస్తే సమస్య పోతుంది. సమస్య పోతే శాశ్వత పరిష్కారానికి అవకాశమే ఉండదు," అన్నారు. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం నా సర్వీసులో అదే మొదటిసారి.

కమిషనరు గారు కళ్ళజోడు తీశారు. "పట్నాయక్ గారూ, మీరు ప్రతిపాదిస్తున్నది విభజన. మనం తలపెట్టింది ఐక్యత. ఒక పేద వీధి వాల్వూ, అధికారుల టీ ఒకే పేజీలో పక్కపక్కన కూర్చోవడంలో సామాజిక స్పృహ మీకు కనిపించడం లేదా?"

కనిపించడం లేదని అనలేకపోయాను. ప్రమోషను ఫైలు ఆయన టేబుల్ మీదే ఉంది.

టీకి క్రమశిక్షణ వచ్చింది. భానుమూర్తి గారు తన టేబుల్ మీద ఒక ఇత్తడి చెంబు పెట్టారు. దాని పేరు తాళం. టీ కావలసిన ఉద్యోగి వచ్చి ఆ చెంబు తీసుకుని, క్యాంటీనుకు వెళ్ళి టీ తాగి, చెంబు తిరిగి తెచ్చి పెట్టాలి. చెంబు లేనివాడికి టీ లేదు. ఒకరు తాగుతుండగా ఇంకొకరు తాగకూడదు. దీనివల్ల పేజీ కోసం తోపులాట ఉండదన్నారు.

తోపులాట నిజంగానే పోయింది. ఇదివరకు గంటలో అయిపోయే టీలు ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి, మర్యాదగా, పదింటి నుంచి మధ్యాహ్నం దాకా సాగాయి. వరండాలో వరస కట్టి నిలబడి మా వాళ్ళు లోకాభిరామాయణం మాట్లాడుకున్నారు. ఇదివరకు మధ్యమధ్య కాస్త తెరిపి దొరికి దోసెడు నీళ్ళయినా వచ్చేవి. ఇప్పుడు ఒకరు తాగుతున్నంతసేపూ పేజీ క్యాంటీనులోనే ఉండిపోయి, తెరిపే లేదు. సున్నపుబట్టీ వీధిలో కుళాయిలు దగ్గడం కూడా మానేశాయి. భానుమూర్తి గారు ఘర్షణ పూర్తిగా తొలగిపోయిందని నివేదిక రాశారు. దగ్గు ఫిర్యాదులు కూడా తగ్గాయని కింద ఒక వాక్యం కలిపారు.

పైడమ్మ ఈసారి బిందె తేలేదు. "మిల్లోడు ఆకరి మాట సెప్పీసినాడు బాబూ," అంది నాతో, మెట్ల దగ్గరే నిలబడి. "ఈ నెలాకరు దాకా సూత్తాడట. ఒక్క పూట కూర తప్పినా, ఆలీసెం అయినా, ఆర్డరు బస్టాండు హోటలోడికేనట. పక్కూరి బావి కాడి నుంచి రిచ్చాలో నీల్లు తెప్పిస్తన్నాను. ఎన్నాళ్ళని తెప్పిస్తాను? నా కాడ పని సేసే ఆడోల్లు రోజూ నా మొకం సూస్తన్నారు."

"ఏదో ఒకటి చేస్తామమ్మా," అన్నాను. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో, ఇది చెప్పిన ప్రతిసారీ అవతలివాళ్ళ ముఖం ఎలా అయిపోతుందో నాకు బాగా తెలుసు. అయినా చెప్పాను.

ఆ మర్నాడు బిల్లుల సూపరింటెండెంటు అందరికన్నా ముందు టీ తాగి, చెంబును తన సంచీలో వేసుకుని ఇంటికెళ్ళిపోయి, జ్వరమని సెలవు పెట్టేశాడు. తాళం ఆయన దగ్గరుంది. ఆయన వచ్చేదాకా ఆఫీసులో ఎవరికీ టీ లేదు. సున్నపుబట్టీ వీధిలో మాత్రం వంతు ముగిసేదాకా నీళ్ళే నీళ్ళు. పైడమ్మ బిందెలు, గంగాళాలు, ఆఖరికి కూరల బేసిన్లు కూడా నింపుకుంది. మిల్లుకు భోజనం వేళకంటే ముందే వెళ్ళింది.

మా ఆఫీసులో అంతకంటే ఘోరం ఇంకోటి జరిగి ఉండదు. మధ్యాహ్నానికి ఉద్యోగ సంఘం గేటు దగ్గర బైఠాయించింది. "టీ మా జన్మహక్కు" అని అరిచారు. తలనొప్పులని చెప్పి సగం మంది బల్లల మీద తలలు వాల్చారు. మిగతా రోజుల్లో కూడా వాల్చేవారు గానీ, ఆ రోజు కారణం ఉంది. సూపరింటెండెంటు మర్నాడు చెంబును చింతపండుతో తళతళా తోమి తెచ్చి ఇచ్చాడు. ఎవరూ మెచ్చుకోలేదు.

కృపానందం గారు ఎదురుచూస్తున్న ఘడియ అదే. బొమ్మ జేబులోంచి టేబుల్ మీదికి వచ్చింది. "చెంబులతో నడిచేది సాఫ్ట్‌వేరు సార్. పెట్టెతో నడిచేది హార్డ్‌వేరు. పేజీ నెమ్మదిగా నడవడం వల్లే ఈ తిప్పలు. నా పెట్టెలో అది రెప్పపాటులో పోయి రెప్పపాటులో వస్తుంది. టీ తాగినా వాల్వుకు తెలియను కూడా తెలియదు."

కమిషనరు గారు సంతకం చేశారు. పెట్టె వచ్చింది. బీరువా అంత పొడవుంది. మెడలో దండ వేశారు. దానికి చల్లదనం కావాలంటే నా గది ఖాళీ చేయించి, అందులో రెండు ఏసీలు పెట్టారు. నేను వరండాలోకి మారాను. పెట్టె వేగానికి పాత వాల్వు సరితూగదని కృపానందం గారు సున్నపుబట్టీ వీధికి కొత్త మోటారు వాల్వు కూడా బిగించారు. అది చిటికె వేసినంతలో తెరుచుకుని చిటికె వేసినంతలో మూసుకుంటుంది.

అంత వేగంగా తెరిచి మూసే వాల్వు అసలెందుకని అడగబోయి ఆగాను. నా గది పోయింది. ఇంకేం పోతుందోనని భయమేసింది.

ప్రారంభోత్సవం పదింటికి. పెట్టె సత్తా చూపించడానికి సిబ్బంది అందరూ ఒకేసారి టీ తాగాలని కమిషనరు గారి ఆదేశం. హాల్లో కుర్చీలు వేశారు. ఒక్కొక్క టేబుల్ మీదా ఒక మీట పెట్టించారు. ఎవరి టీని వారే లెక్కలో వేసుకుంటారట. చెంబు రద్దయింది. ఆఖరి మాట చెప్పిన మిల్లు మేనేజరు గడువులో అది ఆఖరి రోజని నాకు గుర్తుంది. ఈ పెట్టె నిజంగా పని చేస్తే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. కృపానందం గారి గెలుపు కోరుకుంటానని నేనెప్పుడూ అనుకోలేదు.

"ప్రారంభించండి," అన్నారు కమిషనరు గారు.

అందరూ తాగారు, అందరూ నొక్కారు. పెట్టె చెప్పినట్టే చేసింది. పేజీ క్యాంటీనుకు వెళ్ళింది, వాల్వుకు వచ్చింది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది, మా కంటికి ఆనలేదు. కొత్త వాల్వు కూడా చెప్పినట్టే చేసింది. మూసుకుంది, తెరుచుకుంది, మూసుకుంది, తెరుచుకుంది. వస్తున్న నీళ్ళకు ప్రతిసారీ ముఖం మీదే తలుపు వేసినట్టయింది. రెండో విడత టీ వచ్చేసరికి ఊరి అటు కొస నుంచి పెద్ద చప్పుడు వినిపించింది. కమిషనరు గారు బాణాసంచా అనుకుని చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం.

జీపులో వెళ్ళి చూశాం. వాల్వుకు ఇవతల, పైడమ్మ కర్రీ పాయింటుకు సరిగ్గా ఎదురుగా, మెయిను పైపు పగిలింది. నీళ్ళు మనిషెత్తు లేస్తున్నాయి. వాల్వు ఇంకా టకటకా కొట్టుకుంటూనే ఉంది, కానీ దాని జోలి లేకుండానే నీళ్ళు వచ్చేస్తున్నాయి. వీధి మొత్తం బిందెలతో అక్కడే ఉంది. పైడమ్మ మనుషులు ఇద్దరూ చీరలు ఎగదోపి వంకాయలు కడుగుతున్నారు. పొయ్యి మీద సాంబారు మరుగుతోంది.

"ఇది మీ పెట్టె నిర్వాకం," అన్నారు భానుమూర్తి గారు.

"పేజీలో టీని ఎక్కించింది మీ ప్రోగ్రాము," అన్నారు కృపానందం గారు.

"మీరు మూలాల్లోకి వెళుతున్నారు. నేను పైపు గురించి మాట్లాడుతున్నాను."

"పైపు హార్డ్‌వేరే కదా. అది నా పరిధి. మీరు మాట్లాడకండి."

కమిషనరు గారు చేయెత్తి ఇద్దర్నీ ఆపారు. "వెంటనే మరమ్మతు చేయించండి పట్నాయక్ గారూ."

"మరమ్మతుకు ముందు పగులును కంప్యూటర్లో ఎక్కించాలి సార్," అన్నాను. "ఎక్కిస్తేనే మనుషులు వస్తారు."

"ఎక్కించండి మరి."

"ఒక చోట ఎక్కిస్తే నాలుగు చోట్లా కనిపిస్తుంది సార్," అన్నారు భానుమూర్తి గారు. తన ప్రోగ్రాము గొప్పదనాన్ని ఆయన అంత దిగులుగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు. "సోమవారం రాష్ట్ర బృందం వస్తోంది. ఉమ్మడి మెమరీకి పురస్కారం విషయమై మన తెరలే చూస్తారు."

కమిషనరు గారి ముఖంలో రంగు మారింది. అప్పుడు పైడమ్మ పళ్ళెంలో నాలుగు గ్లాసులు పెట్టుకుని వచ్చింది. మంచి అల్లం వాసన. క్యాంటీన్లో అన్ని టీలు తాగి వచ్చిన మాకు కూడా నోరూరింది.

"తీసుకోండి బాబూ," అంది. "ఈ టీకి మీట లేదు."

కమిషనరు గారు తీసుకున్నారు. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు. "అమ్మా, చాలా బాగుంది. మీ దుకాణాన్ని కూడా ఉమ్మడి మెమరీలో చేర్చే విషయం పరిశీలిస్తాం. ఇక్కడో కంప్యూటరు పెట్టిస్తాం."

పైడమ్మ పళ్ళెం కింద పెట్టింది. ఆవిడ గొంతు పెంచలేదు.

"వొద్దు బాబూ, మీకు దణ్ణం పెడతాను. ఈ నీల్లు మీకెవరికీ తెలీకుండా వొచ్చినాయి. మీకు తెలిసినన్నాళ్ళూ రానేలేదు. ఇంకో గంటలో మిల్లుకు కూర ఎల్లాల. టీ తాగీసి ఎల్లిపోండి, ఎవరికీ సెప్పకండి."

కమిషనరు గారు ఆవిడ వైపు చూశారు, పైపు వైపు చూశారు, సోమవారం వైపు కూడా చూసే ఉంటారు. టీ అడుగుదాకా తాగి గ్లాసు పళ్ళెంలో పెట్టారు. "ఉమ్మడి మెమరీలో లేని విషయాన్ని ఈ సంస్థ గుర్తించజాలదు," అని ప్రకటించి జీపెక్కారు.

సోమవారం రాష్ట్ర బృందం వచ్చింది. తెరల ముందు కూర్చుని ఊళ్ళోంచి వచ్చిన ఫిర్యాదులన్నీ చదివింది. సున్నపుబట్టీ వీధి నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు. నిరంతరాయ సరఫరా సాధించిన ఆ వీధిని ప్రత్యేకంగా మెచ్చుకుంటూ మా విభాగానికి పురస్కారం ఇచ్చారు. అది సాఫ్ట్‌వేరుదా హార్డ్‌వేరుదా అన్నది తేలక, ఆ ఫలకాన్ని పొద్దున్న భానుమూర్తి గారి గదిలోనూ మధ్యాహ్నం కృపానందం గారి గదిలోనూ పెడుతున్నారు. దాన్ని మోసేది నేనే. నా గది ఇంకా పెట్టెకే ఉంది.

నిన్న కొత్త ఉత్తర్వు వచ్చింది. సున్నపుబట్టీ వీధిలో అమలు చేసిన పద్ధతిని ఊరంతటికీ విస్తరించాలనీ, ఆ పద్ధతి ఏమిటో తెలుసుకోవడానికి ఒక కమిటీ వస్తుందనీ అందులో ఉంది. వాళ్ళకు వీధి చూపించాల్సింది నేనట.

ఇంటికెళుతూ పైడమ్మ కర్రీ పాయింటు దగ్గర ఆగాను. మిల్లు మేనేజరు రాత్రి షిఫ్టు ఆర్డరు కూడా ఇచ్చాడట. మూడో మనిషిని పెట్టుకుంది. పైపు దగ్గర రాళ్ళు పేర్చి చిన్న గట్టు కట్టారు, దాని పక్కన పిల్లలు స్నానాలు చేస్తున్నారు. కమిటీ సంగతి చెప్పాను. ఆవిడ చేతిలో గరిటె ఆగింది.

"ఏ వీది సూపిస్తావు బాబూ?"

ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క ఉత్తర్వునూ జవదాటినవాణ్ణి కాదు. ప్రమోషను ఫైలు ఇంకా కమిషనరు గారి టేబుల్ మీదే ఉంది.

"ఇదైతే కాదమ్మా," అన్నాను.

పైడమ్మ నా క్యారేజీ లాక్కుని, దాంట్లో నిండుగా గుత్తివంకాయ వేసి మూత పెట్టింది. డబ్బులు ఇవ్వబోతే చెయ్యి తోసేసింది. "అయితే రేపు పొయ్యెలిగిస్తాను," అని లోపలికెళ్ళిపోయింది.